ముక్కాలు మువ్వీసం: లెక్కల మాటల్లో దాగిన లెక్కలు

"నూటికి ముక్కాలు మువ్వీసం మంది ఇంతే" అనే మాట ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది. దాదాపు అందరూ అని అర్థమవుతుంది, సంభాషణ ముందుకు సాగిపోతుంది. కానీ అది ఊరికే అన్న మాట కాదు, అచ్చంగా ఒక భిన్నం. ముక్కాలు అంటే మూడు కాళ్లు, అనగా నాలుగింట మూడు వంతులు. వీసం అంటే పదహారో వంతు. మువ్వీసం మూడు వీసాలు. నాలుగింట మూడు వంతులంటే పన్నెండు వీసాలు. దానికి మరో మూడు కలిపితే పదిహేను. పదహారుకు ఒక్కటే తక్కువ. ఇప్పటి శాతాల్లోకి మారిస్తే 93.75. దాదాపు అందరూ అనడానికి ఇంతకన్నా పొందికైన లెక్క దొరకదు.

ఈ భిన్నాన్ని పాత పద్దుల్లో రాసే తీరు మరీ ముచ్చటగా ఉంటుంది: ౻౾. మొదటిది మూడు నిలువు గీతల గుర్తు, రెండోది మూడు అడ్డగీతల గుర్తు. తెలుగువాళ్ల పాత భిన్నాలు పదులతో నడవలేదు, నాలుగులతో నడిచాయి. ఒకటిని నాలుగు చేస్తే కాలు, కాలును నాలుగు చేస్తే వీసం, వీసాన్ని నాలుగు చేస్తే కాని. అంటే నాలుగో వంతు, పదహారో వంతు, అరవై నాలుగో వంతు. కాలు స్థానంలో నిలువు గీతలు, వీసం స్థానంలో అడ్డగీతలు, కాని స్థానంలో మళ్లీ నిలువు గీతలు. ఒకటుంటే ఒక గీత, రెండుంటే రెండు, మూడుంటే మూడు. నాలుగు కాగానే పై స్థానానికి ఎక్కుతుంది కాబట్టి నాలుగో గీతతో పనే లేదు. పక్కపక్క స్థానాల గీతలు వేర్వేరు దిక్కుల్లో ఉండటం వల్ల చదివేవాడికి తికమక ఉండదు, దిద్దేవాడికి అవకాశం తక్కువ.

మరి ఏదైనా స్థానంలో ఏమీ లేకపోతే? వీసం స్థానం ఖాళీ అయితే మామూలు సున్న పెట్టేవారు. కాలు స్థానం ఖాళీ అయితే వేరే గుర్తు: ౸. దాని పేరు హళ్ళి. ఇప్పుడు "హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న" అనే సామెతను మరోసారి చదివితే, అందులో రెండు మాటలు ఎందుకున్నాయో తెలుస్తుంది. ప్రాస కోసం ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పిన మాట కాదది. ఒక స్థానం శూన్యం హళ్ళి, పక్క స్థానం శూన్యం సున్న. ఏ స్థానంలో చూసినా ఏమీ మిగల్లేదని అర్థం. ఒక కరణం పద్దులోంచి లేచి వచ్చిన సామెత ఇది. ఈ భిన్నాల గుర్తులు 2008లో యూనికోడ్ 5.1లో చేరాయి. ధాన్యం కొలత అయిన తూమును సూచించే ౿ గుర్తు కూడా వాటితోనే చేరింది. ఫోన్లో వీటిని టైపు చేసే అవసరం ఎవరికీ రాకపోవచ్చు, అది వేరే సంగతి.

నాలుగో వంతును కాలు అనడం వెనక ఆలోచన నాలుగు కాళ్ల జంతువుది. ఒక కాలు అంటే మొత్తంలో నాలుగో భాగం. సంస్కృతంలోనూ ఇదే దారి. పాదం అంటే అడుగు, పాదం అంటే నాలుగో వంతు. పద్యానికి నాలుగు పాదాలు, ధర్మం నడిచేది నాలుగు పాదాల మీద. ఆ పాదమే ప్రాకృతాల మీదుగా అరిగి పావు అయింది. కాబట్టి ముక్కాలు, ముప్పావు ఒకే ఊహకు రెండు రూపాలు: ఒకటి ద్రావిడం, ఒకటి సంస్కృతం నుంచి దిగినది. రెండింటికీ ముందు నిలిచిన "ము" మాత్రం అచ్చ తెలుగు మూడు. ఇలా సగం ఇక్కడిదీ సగం అక్కడిదీ కలిసిన మాటలు లెక్కల్లో కొల్లలు, ఎందుకంటే బేరం చేసేవాడికి అర్థం కావడమే ముఖ్యం, వ్యుత్పత్తి కాదు.

డబ్బు కూడా ఈ నాలుగుల వరసలోనే ఉండేది. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానీలు. అణా అంటే రూపాయిలో వీసం. కానీ అంటే రూపాయిలో అరవై నాలుగో వంతు. భిన్నం పేరూ నాణెం పేరూ ఒకటే. పావలా నాలుగు అణాలు, బేడ రెండు అణాలు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చి ఈ వరసను తుడిచేశాయి. అయినా తెలుగుదనం ఇప్పటికీ పదహారణాలదే. వంద పైసల తెలుగుదనం అని ఎవరూ రాయరు. చేతిలో చిల్లిగవ్వ లేదన్న మాటకైతే ఇంకా ముందు కాలం కావాలి, గవ్వలే చిల్లర డబ్బుగా చెల్లిన కాలం. చిల్లిపడిన గవ్వ అప్పటి లెక్కలో అట్టడుగు.

అంకెల పేర్లలోకి వెళితే లెక్క మరింత పాతదవుతుంది. రెండును తీసుకుంటే, తమిళంలో ఇరండు, కన్నడంలో ఎరడు. ఆ రెంటికీ మొదట అచ్చుంది, తెలుగుకు లేదు. పాత ద్రావిడ రూపంలో మొదటి అచ్చు తర్వాత ఉన్న హల్లు తెలుగులో ముందుకు జరిగిపోయింది. ఇరండు లాంటి రూపం రెండు అయింది. కానీ సమాసాల్లో ఆ పాత రూపం చెక్కుచెదరలేదు: ఇరవై (ఇరు, పది), ఇరువురు, ఇరుగుపొరుగులో కాకపోయినా ఇరువైపులా, ఇరుపక్షాలా. అదే మార్పు డెబ్బైలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఏడు, పది కలిస్తే ఎడుబది లాంటిదేదో రావాలి. ముందున్న అచ్చు వెనక్కి జరిగి డెబ్బది అయింది. ఇరవై నుంచి తొంభై దాకా ఉన్న పదుల పేర్లలో మొదటి భాగాన్ని చూడగానే గుర్తుపట్టలేనివాటిలో ఇదొకటి, అదీ ఈ జరుగుబాటు వల్లనే.

పదకొండు పాత తెలుగులో పదునొకండు. ఇప్పుడు విడిగా వాడని "ఒకండు" ఆ చివర్లో ఒదిగి ఉంది. పదిహేనులోని "హేను" ఎక్కడిదని పిల్లలు అడిగితే పెద్దలు సమాధానం చెప్పలేక తప్పించుకుంటారు. పాత తెలుగులో ఐదును ఏను అనేవారు. కావ్యాల్లో పాండవులు ఏవురు. పది, ఏను కలిస్తే పదియేను, నోట్లో ఆ మధ్య య కాస్తా హ అయి పదిహేను. పదహారులో, పదిహేడులో ఉన్న హ కూడా అలా దూరినదే, దానికి సొంత అర్థం లేదు. ఏబదిలో కూడా ఆ ఏనే ఉంది. యాభై అనేసరికి అదీ మరుగున పడింది.

ఏడు విషయంలో తెలుగుకు ఒక చిక్కుంది. ఏడు ఒక అంకె, ఏడు అంటే సంవత్సరం, ఏడు అంటే ఏడవమని. మూడూ ఒకేలా వినిపిస్తాయి. పాత రాతలో సంవత్సరానికి అరసున్న పెట్టి ఏఁడు అని రాసేవారు. తమిళ ఆండు పక్కన పెడితే ఆ అరసున్న ఎందుకో తెలుస్తుంది: పోయిన ముక్కు ధ్వనికి మిగిలిన గుర్తు అది. మూఁడులోనూ అదే అరసున్న, తమిళ మూన్ఱులోని న జాడ. అంకె ఏడుకు మాత్రం అరసున్న లేదు, దాని తమిళ రూపం ఏఴులో ముక్కు ధ్వని లేదు కనుక. అరసున్న అలంకారమని కొట్టిపారేసేవాళ్లు ఈ మూడు మాటలను ఒకసారి చూడాలి. ఇక ఏడుపుతో వచ్చిన పోలిక తెలుగువాడి హాస్యానికి అందివచ్చింది. ఏడుపు మొదలుపెట్టడాన్ని ఆరున్నొక్కరాగం అందుకోవడం అంటారు. ఆరు, ఒకటి కలిస్తే ఏడు! ఆ మధ్యలోని "ఉన్ను" రెంటినీ కలిపే పాత ప్రత్యయం. ఒకటిన్నర, పదిన్నర అన్నప్పుడు సగాన్ని అంకెకు కట్టేది కూడా అదే. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టడం కూడా ఇలాంటిదే. అంకె కేవలం అంకె కాదు, అది నోట్లోంచి వచ్చే మాట. మాటకు శుభాశుభాలుంటాయని నమ్మిన సమాజం అంకెలను మాత్రం ఎలా వదిలేస్తుంది?

తొమ్మిది చుట్టూ ఉన్న ముడి పూర్తిగా విడేది కాదు. ద్రావిడ భాషల్లో తొమ్మిది పేరు పదితో కట్టినది. మొదటి భాగానికి కొరత, తక్కువ అనే అర్థం చెబుతారు. పదికి తక్కువైనది తొమ్మిది. తమిళంలో ఈ పద్ధతి పైస్థానాల్లో బాహాటంగా కనిపిస్తుంది. అక్కడ తొంభై పేరు నూరు మీద (తొణ్ణూఱు), తొమ్మిది వందల పేరు వెయ్యి మీద (తొళ్ళాయిరం) కట్టారు. తెలుగు ఆ దారిలో పోలేదు. తొంభైని కూడా పదితోనే కట్టింది. ఎనిమిదిని చూస్తే మరో వింత. తమిళం ఎట్టు, కన్నడం ఎంటు అని ఊరుకోగా, తెలుగు మాత్రం తొమ్మిదికి ఉన్నలాంటి తోకనే ఎనిమిదికీ తగిలించింది. ఎనభైలో ఆ తోక కనపడదు, అసలు మొదలు "ఎన" ఒక్కటే మిగులుతుంది.

మనుషులను లెక్కపెట్టేటప్పుడు తెలుగు వేరే వరస పట్టుకుంటుంది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. అక్కడితో ఆగి ఎనిమిది మంది, తొమ్మిది మంది అని దారి మారుస్తుంది. పాత రాతల్లో ఎనమండుగురు, తొమ్మండుగురు కూడా ఉన్నారు, ఇప్పటి నోళ్లలో దాదాపు లేరు. పదుగురు మాత్రం మిగిలింది. అది పది మందిని చెప్పదు, లోకాన్ని చెబుతుంది. నలుగురిలో నవ్వులపాలు కావడం, పదిమందికీ పనికి రావడం అన్నప్పుడు ఎవరూ తలలు లెక్కపెట్టరు. ఇల్లంతా కలిసి కూర్చుంటే పట్టేంత మంది దాకా ఒక్కొక్కరికీ రూపం ఇచ్చి, ఆ తర్వాత అందరినీ "మంది"లో కలిపేయడం తెలుగు వ్యాకరణంలోని ఒక చక్కని పిసినారితనం.

నూరు, వందల మధ్య పంపకం కూడా ఇలాగే నిశ్శబ్దంగా జరిగింది. నూరు మొత్తం దక్షిణాది సొత్తు, తమిళ కన్నడాల్లోనూ ఉంది. మామూలు మాటల్లో వంద దాని స్థానాన్ని ఆక్రమించింది. అయినా నూట ఒకటి నుంచి నూట తొంభై తొమ్మిది దాకా వంద అడుగు పెట్టలేదు. వంద ఒకటి అని ఎవరూ అనరు. మళ్లీ రెండు వందలకు చేరగానే వందదే రాజ్యం. నూరేళ్లు, నూటికి నూరు, నూటపదహార్లు: దీవెన, భరోసా, కట్నం ఇచ్చేచోట్ల నూరు పట్టు వదల్లేదు. వెయ్యి సంగతి గర్వపడదగినది. తమిళ ఆయిరం, కన్నడ సావిర రెండూ సంస్కృత సహస్రం నుంచి వచ్చినవి. తెలుగు వేయి మాత్రం సొంత మాట. లక్ష దగ్గర్నుంచి అందరం అప్పే. లక్షం అంటే గురి, గుర్తు. కోటి అంటే కొస, వింటి కొస ధనుష్కోటి. అర్బుదం అంటే వాపు, గడ్డ. అంతకంతకూ ఉబ్బే అంకెకు పాతవాళ్లు పెట్టిన పేరు ఇప్పుడు వైద్యుల చేతిలో పడింది.

లెక్కపెట్టడం అనే పనికే తెలుగులో రెండు పేర్లున్నాయి, రెంటికీ రెండు స్వభావాలు. ఎన్నడం, ఎంచడం పాత ద్రావిడ క్రియలు. వాటిలో లెక్కతో పాటు తూచి చూడటం, విలువ కట్టడం కూడా ఉంది. తప్పులెన్నడం అంటే తప్పుల సంఖ్య తేల్చడం కాదు. ఎన్నదగినవాడు అంటే లెక్కలోకి తీసుకోదగినవాడు. ఎన్నిక అన్న మాట ఆ క్రియలోంచే పుట్టింది, అందులో ఎంచుకోవడమూ ఉంది, లెక్కించడమూ ఉంది. ఓట్ల పండగకు ఇంతకన్నా సరైన పేరు దొరకదు. లెక్క మాత్రం రాతలోంచి వచ్చింది. సంస్కృత లేఖ, లేఖ్యాల ప్రాకృత రూపం అది. అంటే మొదట రాసినదే లెక్క, నోటితో చెప్పేది కాదు. "లెక్కాపత్రం లేదు" అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా పలుకుతుంది. అంకె కూడా రాతకు చెందినదే, అంకం అంటే గుర్తు, వంపు. సున్న శూన్యం నుంచి వచ్చింది. గోడకు వేసే సున్నంతో దానికి చుట్టరికం లేదు, అది చూర్ణం నుంచి వచ్చినది.

పొడవుల విషయంలో కొలబద్ద శరీరమే. అంగుళం అంటే వేలు. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు. చాచిన బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా జాన. మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా మూర. రెండు చేతులూ చాపితే బార. మనిషి నిలబడితే నిలువు, అది ఎక్కువగా నీళ్ల లోతుకు వాడతారు. పన్నెండు అంగుళాలు జాన, ఇరవై నాలుగు మూర, నాలుగు మూరలు బార అనే లెక్క శాస్త్రానిది. వాడకంలో ఎవరి చేయి వాళ్లకు కొలత. ఇది ఇప్పటికీ చూడగలిగేది పూలబుట్ట దగ్గరే. మూర మల్లెపూలు అడిగితే పూలమ్మే ఆవిడ దండ కొసను వేళ్ల మధ్య పట్టి మోచేతి దాకా లాగుతుంది. మోచేతి దగ్గర దండను కాస్త వదులు చేస్తుందా, బిగిస్తుందా అన్నదాని మీద అసలు బేరం నడుస్తుంది. "నా చేత్తో కొలువు" అనే కొనేవాళ్లూ ఉంటారు. మెట్రిక్ చట్టాలు వచ్చి ఇన్ని దశాబ్దాలైనా మూర పూలను సెంటీమీటర్లలోకి మార్చిన వాళ్లు లేరు.

దూరాలు నోటితో కొలిచేవారు. కోసు సంస్కృత క్రోశం, దాని అర్థం అరుపు. ఒకరి కేక వినిపించేంత మేర. తర్వాత అది స్థిరపడి రెండు మైళ్లకు దగ్గరగా వచ్చింది. అంత దూరం ఏ గొంతూ వినిపించదు, కొలత ఒకసారి పద్దుకెక్కాక తన పుట్టుకను మర్చిపోతుందనడానికి ఇదే సాక్ష్యం. తెలుగు అదే ఊహను సొంతంగా మళ్లీ చేసింది: కూతవేటు దూరం. దాన్ని పద్దులకెక్కించలేదు కాబట్టి కూతవేటు ఇంకా నిజంగా కూతవేటే. నాలుగు కోసుల ఆమడ ఇప్పుడు ఎక్కడా దూరాన్ని చెప్పదు. ఇష్టంలేని వాళ్లకు ఆమడ దూరంలో ఉండటానికి మాత్రం పనికొస్తుంది.

కాలానికి కొలతలు మూడు వస్తువుల నుంచి వచ్చాయి. ఘటిక అంటే చిన్న కుండ. అడుగున సన్నని చిల్లి ఉన్న గిన్నెను నీళ్ల మీద వదిలితే నిండి మునగడానికి పట్టే కాలం ఘడియ. రోజుకు అరవై, ఒక్కొక్కటి 24 నిమిషాలు. ఆ మునకను ఊరికి తెలపడానికి కొట్టేది గంట. ఇప్పుడు ఆ గంట మోగకపోయినా 60 నిమిషాల పేరుగా నిలిచిపోయింది. నిమిషం అంటే అసలు రెప్పపాటు. అరవై సెకన్లు రెప్ప మూసుకుని కూర్చుంటే తప్ప ఆ అర్థం ఇప్పుడు కుదరదు. "ఒక్క నిమిషం" అని వెళ్లినవాళ్లు పావుగంటకు తిరిగి రావడానికి ఈ పాత తికమకే కారణమని సరిపెట్టుకోవచ్చు.

బరువుల మాటల్లో చాలావాటికి మూలం ఎత్తడం, వేలాడటం. తూకం, తూనిక, తూచడం ఇవన్నీ తూగు నుంచి వచ్చాయి. తూగు అంటే వేలాడి ఊగడం. నిద్రమత్తులో తూగేవాడి తల, త్రాసు తట్ట ఒకేలా కదులుతాయి. సంస్కృత తుల కూడా ఎత్తు అనే ధాతువుదే. తులం అందులోంచి వచ్చింది. అసలు తులం దాదాపు 11.66 గ్రాములు, నగల బజారులో ఇప్పుడు పది గ్రాములకే తులం అనేస్తున్నారు. మద్రాసు రాష్ట్రపు పాత లెక్కలో మూడు తులాలు పలం, నలభై పలాలు వీశ, ఎనిమిది వీశలు మణుగు. వీశకు వీసంతో సంబంధం కలిపేవాళ్లున్నారు, వాటిని కలపకపోవడమే మంచిది: ఒకటి కిలోకు పైబడిన బరువు, ఒకటి పదహారో వంతు. వీశ సముద్రం దాటి బర్మా వెళ్లి అక్కడి ఇంగ్లీషు లెక్కల్లో విస్ అయింది. ఇక్కడ దాన్ని మర్చిపోయారు, అక్కడ ఇంకా తూస్తున్నారు.

తెలుగులో బరువును చెప్పే ప్రత్యయం "ఎత్తు". గురిగింజెత్తు, వీసమెత్తు. త్రాసు రెండో తట్టలో ఏది పెట్టి ఎత్తారో దాని పేరు ముందు వస్తుంది. అలాగే నిలువెత్తు. నిలువెత్తు విగ్రహం అంటే మనిషి పొడవు. మేడారం జాతరలో నిలువెత్తు బంగారం సమర్పించడం అంటే మనిషి బరువు. అక్కడ బంగారం అనేది బెల్లం. ఒకే మాట ఒకచోట పొడవు, ఒకచోట బరువు, వినేవాడికి ఎప్పుడూ పొరపాటు రాదు.

ధాన్యం కొలతల వరస మళ్లీ రెళ్లూ నాలుగులే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. తర్వాత ఒక్కసారిగా ఇరవై తూములు పుట్టి. ఊరిని బట్టి గిద్ద పెద్దదీ చిన్నదీ అయ్యేది కానీ వరస మాత్రం ఎక్కువచోట్ల ఇదే. గుణించి చూస్తే పుట్టి అంటే 5,120 గిద్దలు. పుట్టెడు దుఃఖం అన్నవాళ్లు ఆ గుణకారం చేయలేదు, చేసి ఉంటే ఆ మాట విలువ ఇంకా పెరిగేది. నేలను కూడా ఈ పాత్రలతోనే చెప్పేవారు. తూమెడు విత్తనం పట్టే నేల తూము నేల. పొడవు వెడల్పుల కంటే అది ఎంత గింజ తాగుతుందన్నదే రైతుకు కావలసిన సమాచారం. ఏక పంట మెట్టకూ, నీళ్లున్న మాగాణికీ ఒకే తూము ఒకే విస్తీర్ణం కాకపోవడం లోపం కాదు, ఆ కొలతకు అదే గుణం.

1956లో వచ్చిన తూనికలు కొలతల ప్రమాణాల చట్టం 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలయ్యాక ఈ వరసలన్నీ దుకాణాల్లోంచి తొలగిపోయాయి. వచ్చినవి మరీ పరాయివి కాదు. మీటర్ గ్రీకు మెట్రాన్ నుంచి వచ్చింది, దాని మూల ధాతువూ సంస్కృత "మా" ధాతువూ ఒక్కటే. ఆ ధాతువు నుంచే మాత్ర, మానం, ప్రమాణం, పరిమాణం పుట్టాయి. ఛందస్సులో మాత్ర కాలానికి కొలత, మందుల షాపులో మాత్ర మందుకు కొలత. ప్రమాణం కోర్టులో ఒట్టయింది, తత్వశాస్త్రంలో రుజువయింది. కిలోమీటరు పలికినప్పుడు సగం మాట తెలుగువాడికి ముందే చుట్టమన్నమాట.

ఏ మాటలు పోయాయి, ఏవి నిలిచాయి అన్నది చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. ఇరస, అడ్డ, పలం లాంటివి కొలతకు తప్ప దేనికీ పనికిరాలేదు, కొలతతోనే పోయాయి. పుట్టెడు, వీసమెత్తు, ముక్కాలు మువ్వీసం, ఆమడ తమ కచ్చితత్వాన్ని వదులుకున్నాయి కాబట్టి మిగిలాయి. తులం, మూర మాత్రం కచ్చితత్వం లేకుండానే వ్యాపారంలో కూడా నెగ్గుకొచ్చాయి, బంగారం దగ్గర ఒకటి, పూల దగ్గర ఒకటి.

అన్నిటికంటే గట్టిది ఆ చిన్న తోక, "ఎడు". గిద్దెడు, సోలెడు, తవ్వెడు పోయాయి. కానీ పిడికెడు, గుప్పెడు, దోసెడు, చేరెడు, చిటికెడు చేతుల మీద ఉన్నాయి. చెంబెడు, కడివెడు, గంపెడు, బండెడు పాత్రలతో, బండ్లతో ఉన్నాయి. బోలెడుకు చివర ఉన్నదీ ఆ తోకే. ఏ వస్తువైనా దేన్నయినా పట్టగలిగితే చాలు, ఎడు దాన్ని కొలతగా మార్చేస్తుంది. ఈ తోక అరిగి ఉత్త "డు" అయినా పని మానలేదు. గ్లాసుడు నీళ్లు, బస్తాడు బియ్యం, లారీడు ఇసుక, ఆటోడు జనం. గ్లాసూ లారీ ఆటో ఏ భాషవో అది అడగదు, అవి నిండాయా లేదా అన్నదే చూస్తుంది.